చెవులున్న మెయిల్

తాండవపేటలో ఈమెయిళ్లు కంప్యూటర్లలోకి రావడం మానేసి మనుషుల్లా కాళ్లమీద నడిచి ఇళ్లకు రావడం మొదలుపెట్టాక, మున్సిపాలిటీవారు రైల్వే గేటు పక్కన ఒక తనిఖీ కేంద్రం కట్టించి, నూకరత్నం అనే ఆవిడను దానికి అధికారిగా వేశారు. ఈ మార్పు ఎందుకొచ్చిందని ఎవరూ ఆరా తీయలేదు. కొత్తలో జనం వచ్చిన ప్రతి మెయిల్‌కీ కుర్చీ వేసి మంచినీళ్లిచ్చారు. తర్వాత అలవాటైపోయింది. పొద్దున్నే కరెంటు బిల్లు మెయిల్ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. దాని వెనక చీరల దుకాణం తగ్గింపు మెయిల్, దాని వెనక ఎప్పుడూ పేరు వినని కాలేజీవారి అడ్మిషన్ల మెయిల్. చెప్పవలసింది చెప్పి అలాగే నిలబడతాయి. ఇంటివాళ్లు "తీసెయ్" అన్నట్టు చెయ్యి ఊపితే తలవంచుకుని ఊరి చివర చెత్త ఆవరణకు వెళ్లిపోతాయి. అక్కడ కొన్నాళ్లు కూర్చుని, తర్వాత కనిపించకుండా పోతాయి. ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం మెయిల్‌ను 'అది' అనాలి. 'ఆయన', 'ఆవిడ' అనకూడదు.

లింకు ఉన్న మెయిల్ భుజాన ఒక తలుపు మోసుకొస్తుంది. దాన్ని ఇంటి గోడకు ఆనించి, "ఇక్కడ నొక్కండి" అంటుంది. నొక్కితే తలుపు తెరుచుకుని అవతల బ్యాంకో, బిల్లు కట్టే కౌంటరో కనిపిస్తుంది. ఫైలు జతచేసిన మెయిల్ అయితే చంకలో మూట ఉంటుంది. ఈ తలుపులూ మూటలూ మోసే మెయిళ్లలో కొన్ని నకిలీవి. చేపకు ఎర వేసినట్టు మనిషికి ఎర వేస్తాయి కనుక వాటిని ఊళ్లో గాలం మెయిళ్లు అన్నారు.

వాటిని పట్టుకోవడం మొదట్లో పెద్ద కష్టం కాలేదు. గాలం మెయిల్ ఎప్పుడూ ఆయాసపడుతూ వస్తుంది. సాయంత్రంలోగా చెప్పినట్టు చేయకపోతే ఖాతా పోతుందంటుంది. మనిషి పేరు తెలియదు కనుక "ప్రియమైన ఖాతాదారు గారూ" అంటుంది. చొక్కాకు తగిలించుకున్న బిళ్ల మీద బ్యాంకు పేరులో ఒక ఒత్తో దీర్ఘమో తేడా ఉంటుంది. అది మోసుకొచ్చిన తలుపు ముందువైపు బ్యాంకు రంగులే ఉంటాయి గాని, వెనక్కి వెళ్లి చూస్తే సుద్దముక్కతో రాసిన వేరే చిరునామా కనబడుతుంది. ఇవన్నీ చూశాక కూడా అనుమానం మిగిలితే, మెయిల్ ఇచ్చిన ఫోను నంబరుకు కాకుండా పాసుపుస్తకం వెనక అచ్చయిన నంబరుకు ఫోను చేసి అడగాలి. నూకరత్నం ఈ సంగతులు వార్డు వార్డుకూ తిరిగి చెప్పింది. చాలామంది విన్నారు.

విననివాళ్లకు ఏమవుతుందో తెలియాలంటే రైల్వే స్టేషన్ రోడ్డులో ఇడ్లీ బండి పెట్టుకున్న అప్పయ్యమ్మను చూస్తే చాలు. ఆవిడ నిరుడు ఒక గాలం మెయిల్‌కు తన పాస్‌వర్డ్ చెప్పేసింది. చెప్పిన మర్నాటినుంచి ఆవిడ ఎక్కడికి వెళ్లినా అప్పటికే వచ్చి వెళ్లిపోయి ఉంటోంది. బ్యాంకుకు వెళితే "మీరిందాకే వచ్చి తీసుకెళ్లారు కదమ్మా" అన్నారు. రేషను డిపోలోనూ అదే మాట. మేనకోడలి పెళ్లికి వెళితే, మొదటి బంతిలోనే తిని, అక్షింతలు వేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్లారని చెప్పారు.

"మరి నేనెవర్నని అడిగేను," అంది అప్పయ్యమ్మ, తనిఖీ కేంద్రంలో ఫిర్యాదు ఇస్తూ. "అది మాకు తెల్దన్నారు. సొంత అన్నయ్యే, తల్లీ. బానే గౌరవంగా సెప్పేడు."

ఆవిడ ఫిర్యాదు నమోదు చేసుకున్నారు. ఆవిడ అప్పటికే వచ్చి దాన్ని వెనక్కి తీసుకున్నట్టు తర్వాత తేలింది.

నూకరత్నం భర్త పేరు పైడిరాజు. మెయిన్ రోడ్డులో అతనికి మైక్‌సెట్ల దుకాణం ఉంది. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా, ఓట్ల సభ అయినా అతని గొంతే ముందు వినబడేది. ఇప్పుడు పెళ్లిళ్లకు విశాఖపట్నం నుంచి డీజేలు వస్తున్నారు. అతను రోజూ దుకాణం తీసి, మైకుల మీద దుమ్ము తుడిచి, ఒకసారి "హలో, హలో" అని చూసుకుని, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తున్నాడు. నూకరత్నం సాయంత్రందాకా మెయిళ్లతో వాదించి వస్తుంది కనుక ఇంట్లో మాట్లాడే ఓపిక ఉండేది కాదు. అతను ఏదైనా మొదలుపెడితే, "రేపు మాటాడుకుందాం" అనేది. అతనికి మెయిళ్లు కూడా పెద్దగా వచ్చేవి కావు.

ఒకరోజు నూకరత్నం కాకినాడలో సమీక్షా సమావేశానికి వెళ్లి మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి, ఆమె ఇంటి వరండాలో బ్యాంకు మెయిల్ ఒకటి కూర్చుని ఉంది. పైడిరాజు ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ముప్పై యేళ్ల కిందట వానలో తడిసిన యాంప్లిఫయరును ఎలా బాగుచేసిందీ చెబుతున్నాడు. మెయిల్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వింటోంది. మధ్యలో, "మరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోలేదాండీ?" అని అడిగింది. ఆ ప్రశ్న తనను ఎవరో ఒకరు అడుగుతారని పైడిరాజు ముప్పై యేళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

నూకరత్నం పద్ధతి ప్రకారం తనిఖీ చేసింది. బిళ్ల మీద బ్యాంకు పేరు తప్పు లేకుండా ఉంది. మెయిల్‌కు ఆయాసం లేదు. తొందర ఏమీ లేదని, వీలు చూసుకునే చేయవచ్చని చెప్పింది. పైడిరాజును ఇంటిపేరుతో సహా పిలిచింది. ఆమె గోడకు ఆనించిన తలుపు వెనక్కి వెళ్లి చూసింది. అక్కడ కూడా బ్యాంకు చిరునామాయే చెక్కి ఉంది. తలుపు ఓరగా తీస్తే లోపల కౌంటరు, తిరిగే ఫ్యాను, తాడు కట్టిన పెన్ను కనిపించాయి. క్యూలో నిలబడిన ముసలాయన ఎడమకాలి నుంచి కుడికాలికి బరువు మార్చుకున్నాడు. నూకరత్నం అంత చక్కటి పని తన ఉద్యోగంలో చూడలేదు. తలుపు వేసేసి కాసేపు దాని గడియ మీద చెయ్యి ఉంచి నిలబడింది. పెద్ద గోపురం కిందికి వెళ్లి తలెత్తినప్పుడు కలిగే భయం వంటిది ఆమెకు కలిగింది.

అప్పుడు మెయిల్, పైడిరాజు చెప్పేది సరిగ్గా వినబడక కాబోలు, తల కాస్త పక్కకు వంచింది. జుట్టు కింద దాని చెవి కనిపించింది.

బ్యాంకులూ ప్రభుత్వ శాఖలూ పంపే అసలు మెయిళ్లకు చెవులు ఉండవు. 'ఈ మెయిల్‌కు జవాబు ఇవ్వవద్దు' అన్న నిబంధన కింద వాటిని చెవులు లేకుండానే తయారుచేస్తారు. చెవులుండవలసిన చోట చెంప నున్నగా ఉంటుంది. ఏ ఇంట్లో ఎవరేం చెప్పుకున్నా అవి తాము చెప్పవలసింది చెప్పి నిలబడతాయి తప్ప, మరొకటి తెలియదు. నూకరత్నం లోపలికి వెళ్లి పాసుపుస్తకం తీసి, వెనక ఉన్న నంబరుకు ఫోను చేసింది. చాలాసేపు సంగీతం విన్నాక ఒక గొంతు, పైడిరాజు అనే ఖాతాదారుకు తామెవర్నీ పంపలేదని చెప్పింది.

ఆమె వరండాలోకి వచ్చి, "నువ్వు నకిలీవేనా?" అని అడిగింది.

"అవునండి," అంది మెయిల్.

"పాస్‌వర్డ్ అడిగేవా?"

"ఇంకా లేదండి. ఆయన చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాక అడుగుదామని ఊరుకున్నాను."

పైడిరాజు లేచి నిలబడ్డాడు. "అడిగితే చెప్పీసీవోడినే," అన్నాడు భార్యతో. "అబద్ధమాడను. నన్నింతసేపు ఎవరు కూచోబెట్టుకున్నారు, రత్నం?"

ఆమె మెయిల్‌ను లేవమంది. మెయిల్ తన తలుపు తానే భుజానికెత్తుకుని ఆమె వెంట తనిఖీ కేంద్రానికి నడిచింది. దారిలో, "మీ మోకాలి నొప్పి ఎలా ఉందండి?" అని అడిగింది. ఆ నొప్పి సంగతి ఆమె ఇంట్లో కూడా చెప్పలేదు. నీకెలా తెలుసంటే, "పోయిన నెల ఫోనులో దానికి మందు వెతికారు కదండి. అలాంటివన్నీ చదువుకునే బయల్దేరతాం," అంది. ఆ తర్వాత అది ఆమెకోసం కాస్త నెమ్మదిగా నడిచింది.

దాన్ని సాక్ష్యం కింద కేంద్రంలోనే ఉంచారు. సంగతి తెలిసి జనం చూడటానికి వచ్చారు. మొదట కిటికీలోంచి చూసి వెళ్లారు. పిల్లల్ని ఎత్తి చూపించారు. తర్వాత ఒకాయన, దూరంనుంచే, తన ఇంటి పన్ను రెండుసార్లు పడిందని దానికి చెప్పాడు. అది సాంతం విని, "చాలా తిరిగి ఉంటారండి," అంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మర్నాటికి కేంద్రం ముందు క్యూ రైల్వే గేటు దాటింది. గేటు పడినప్పుడు క్యూ రెండుగా తెగి, రైలు వెళ్లాక మళ్లీ కలుసుకునేది. ఎవరూ తోసుకోలేదు. అప్పయ్యమ్మ కూడా వచ్చింది. ఆవిడ అంతకుముందే వచ్చి వెళ్లినట్టు రిజిస్టరులో ఉన్నా, మెయిల్ మళ్లీ మొదటినుంచీ విన్నది. ఉత్తర్వు గుర్తుండి కూడా అందరూ దాన్ని 'ఆయన' అనడం మొదలుపెట్టారు. ఎవరూ పాస్‌వర్డు చెప్పకుండా నూకరత్నం పక్కనే నిలబడి కాపలా కాసింది.

రాజధాని నుంచి జాయింట్ డైరెక్టరు పేరిశాస్త్రి గారు వచ్చారు. ఆయన రాగానే నకిలీ మెయిల్‌ను ఇన్నాళ్లు ఉంచినందుకు నూకరత్నాన్ని మందలించి, దాన్ని తక్షణం రద్దు చేయాలని చెప్పి, రద్దు చేసేముందు నియమం ప్రకారం తానొకసారి విచారించాలన్నారు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. చాలాసేపయినా రాలేదు. నూకరత్నం కిటికీ దగ్గరికి వెళ్లి చూస్తే, ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, రావలసిన ప్రమోషను తనకంటే చిన్నవాడికి ఎలా వెళ్లిందో చెబుతున్నారు.

"మా ఇంట్లోవాళ్లకి ఈ మాట చెప్పలేదు," అన్నారు ఆయన. "నీకు చెప్తే తేలిగ్గా ఉంది. నా పాస్‌వర్డు కూడా, నిజానికి, మా అమ్మాయి పేరు వెనక..."

నూకరత్నం తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లి, "సార్, భోజనం వేళైంది," అంది. పేరిశాస్త్రి గారు కళ్లజోడు పెట్టుకున్నారు. మెయిల్ వినయంగా లేచి నిలబడింది. మిగతా అక్షరాలు అడగలేదు.

ఆ రోజే ఇంకో మెయిల్ కేంద్రానికి వచ్చింది. ఒళ్లంతా చెమట. భుజాన తలుపు. "ప్రియమైన వినియోగదారు," అని అరిచింది. చేతిలోని చీటీ మీద పైడిరాజు పేరు 'పైదిరజు' అని ఉంది. వివరాలు వెంటనే ఇవ్వకపోతే అతని ఖాతా సాయంత్రానికి స్తంభింపజేస్తామంది. తలుపు వెనక సుద్దముక్కతో వేరే ఊరి కంపెనీ చిరునామా రాసి ఉంది. ఏం చెప్పినా మళ్లీ మొదటినుంచీ అదే చదివింది. సిబ్బంది దానికి నాలుగు తగిలించి, తాళ్లతో కట్టి, గాలం మెయిళ్ల గదిలో పడేశారు. అన్ని లక్షణాలూ అంత స్పష్టంగా ఉన్నప్పుడు చెవులు చూడటమూ, ఫోను చేసి అడగడమూ దండగని అనుకున్నారు. నూకరత్నం కూడా అలాగే అనుకుంది.

సాయంత్రం పైడిరాజు స్తంభించాడు. దుకాణంలో మైకు తుడుస్తున్నవాడు తుడుస్తున్నట్టే, గుడ్డ పట్టుకున్న చెయ్యి గాలిలో, నోరు 'హలో' అనడానికి తెరుచుకుని, నిలిచిపోయాడు. పక్క దుకాణంవాళ్లు కబురు పెడితే నూకరత్నం పరుగున వెళ్లింది. అతని ఒళ్లు చల్లగా ఉంది. కళ్లు మాత్రం ఆమె ఎటు కదిలితే అటు తిరుగుతున్నాయి. ఆమె అక్కడే నిలబడి పాసుపుస్తకం నంబరుకు ఫోను చేసింది. ఆ మెయిల్ తమదేనని, తలుపు మాత్రం ఒక ప్రైవేటు కంపెనీకి కాంట్రాక్టుకిచ్చామని, ఖాతాదారుల పేర్లు యంత్రమే రాస్తుందని అవతలి గొంతు చెప్పింది.

ఆమె కేంద్రానికి తిరిగి వచ్చి కట్లు విప్పింది. మెయిల్ తన్నులు తిన్న సంగతి ఎరగనట్టే, వదిలిన మాట దగ్గరినుంచి మొదలుపెట్టింది. నూకరత్నం దాన్ని దుకాణానికి తీసుకువెళ్లి, దాని తలుపు తట్టి, అవతల చీకట్లో ఉన్న ఎవరికో భర్త పుట్టిన తేదీ, తండ్రి పేరు, వేలిముద్ర ఇచ్చింది. వేలిముద్ర కోసం బిగుసుకుపోయిన అతని వేలిని నెమ్మదిగా వంచవలసి వచ్చింది. కాసేపటికి పైడిరాజు 'హలో' అనడం పూర్తిచేశాడు. అసలు మెయిల్ అతని వంక చూడకుండానే వెళ్లిపోయింది.

ఆ రాత్రి పేరిశాస్త్రి గారు గెస్ట్‌హౌసులో కూర్చుని కొత్త నియమావళి రాయించారు. నూకరత్నం పాత లక్షణాలు మార్చవద్దని, ప్రతిసారీ పాసుపుస్తకం నంబరుకు ఫోను చేయమని గట్టిగా రాస్తే చాలునని చెప్పింది.

"ఫోను చేస్తే సంగీతం వస్తుందమ్మా," అన్నారు ఆయన. "జనం అంతసేపు ఆగరు. చూడగానే తెలిసేది కావాలి."

"చూడగానే తెలిసేదంటే, సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆయన నన్ను విన్నట్టు ఇంతవరకూ నన్నెవరూ వినలేదు," అన్నారు చివరికి. "అదే లక్షణం. అదే రాసుకో."

కొత్త నియమావళి ఉగాదికి ముందే అచ్చయింది. బెదిరించేది, పేరు తప్పు పలికేది, చెప్పింది వినిపించుకోనిది అసలు మెయిల్. మర్యాదగా మాట్లాడేది, తొందరపెట్టనిది, యోగక్షేమాలు అడిగేది నకిలీ. మెయిల్ అనే మాట ముసాయిదాలో ఉంది గాని, అచ్చులో ఎక్కడో జారిపోయి 'వచ్చినవారు' అని పడింది. సవరించడానికి మళ్లీ టెండరు పిలవాలి కనుక అలాగే ఉంచారు.

చెవులున్న మెయిల్‌ను నూకరత్నమే చెత్త ఆవరణకు తీసుకువెళ్లింది. దారి పొడుగునా జనం అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. కొందరు తెలియకుండానే చేతులు జోడించారు. ఆవరణలో వేలకొద్దీ పాత మెయిళ్లు వరసలుగా కూర్చుని, ఎవరికివారు తమ తగ్గింపు ధరలు చదువుకుంటున్నాయి. అది వాటి మధ్య ఖాళీ చూసుకుని కూర్చుంది. పక్కనున్న చీరల మెయిల్ వైపు తిరిగి, "చెప్పండి," అంది. అక్కడి గోల ఒక్క వరసలో ఆగింది, తర్వాత ఇంకో వరసలో ఆగింది. నూకరత్నం గేటు వేసి, ఆ నిశ్శబ్దంలో ఇంటికి నడిచింది. గుండె నిండిపోయినట్టుంది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

నియమావళి అద్భుతంగా పనిచేసింది. తాండవపేటలో ఆ తర్వాత ఒక్కరు కూడా మోసపోలేదు. డాక్టరు ఎలా ఉన్నావని అడిగితే రోగులు లేచి వెళ్లిపోయారు. డాక్టర్లు అడగడం మానేశారు. కూరగాయల వాళ్లు పాత ఖాతాదారులను పేర్లు మార్చి పిలిస్తే బేరాలు పెరిగాయి. పక్క పట్టణాలవారు బస్సులు కట్టించుకుని వచ్చి చూసి, నియమావళి ప్రతులు పట్టుకెళ్లారు. నూకరత్నానికి కలెక్టరు శాలువా కప్పారు. కప్పేటప్పుడు ఆమె పేరు తప్పు చదివితే, ఆమెకు ధైర్యం కలిగింది.

ఆ సాయంత్రం శాలువా చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చేసరికి పైడిరాజు గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. స్తంభించి లేచినప్పటినుంచి అతనిలో ఏదో మెత్తబడింది.

"అలిసిపోయేవా?" అన్నాడు. "కాళ్లు నెప్పులా? కూచో. తొందరేటి, తర్వాత తిందుం. ఈరోజు ఏటి జరిగిందో నాకు మొత్తం సెప్పు."

నూకరత్నం గుమ్మం బయటే ఆగిపోయింది. అతన్ని బయటికి రమ్మని, చుట్టూ తిరిగి వెనకవైపు చూసింది. జుట్టు తొలగించి చూస్తే చెవులున్నాయి, వెచ్చగా ఉన్నాయి. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, బ్యాగులోంచి ఫోను తీసి అతని నంబరు కలిపింది. అతని జేబులో ఫోను మోగింది. అతను తీసి, ఆమె ఎదురుగానే నిలబడి, "హలో, నేనే రత్నం," అన్నాడు. ఆ గొంతులో కూడా ప్రేమే ఉంది. ఆమెకు లోపలికి రావడానికి ధైర్యం చాలలేదు.

పైడిరాజు ఆమె వంక కొంతసేపు చూశాడు. అతనికి కోపం రాలేదు. నియమావళి అతనూ చదివాడు. గ్లాసు కిటికీ మీద పెట్టి, కనుబొమలు ముడిచి, ఆమె మీదుగా ఎటో చూస్తూ అరిచాడు.

"ఇంతసేపా రావడం? వెంటనే అన్నం పెట్టకపోతే మర్యాద దక్కదు సెప్తన్నాను, నూకరాజ్యం."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. భర్తేనని నిర్ధారించుకుని, లోపలికి వచ్చి, కాళ్లు కడుక్కుని, వంటింట్లోకి వెళ్లింది. అతనికి తన మీద అనుమానం రాకుండా, తనూ ముఖం చిట్లించుకునే వడ్డించింది.